వినేవారి కోసం వెబ్‌సైటు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారే ఈ రోజుల్లో ఉంటే ‘వెబ్‌సైటు పెట్టి చూడు’ అని మూడోది కూడా చేర్చేవారేమో! ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ మూడో సంగతే. వ్యాపారానికి పెట్టే వెబ్‌సైటు గురించి కాదులెండి. చూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి, ఉచితంగా అందించే చిన్న చిన్న బృందాలు ఉన్నాయి కదా, వాటి గురించి. వంటా వార్పూ ముగించుకుని, మధ్యాహ్నం పూట తలుపులు మూసి, చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేసి, సెల్‌ఫోను ముందు కూర్చుని డిగ్రీ పాఠాలు చదివే గృహిణులు ఈ బృందాలలో ఉంటారు. రిటైరైన పంతుళ్ళు, కాలేజీ పిల్లలు ఉంటారు. జీతం ఉండదు, ఆఫీసు ఉండదు. అటువంటివారు ఒక వెబ్‌సైటు పెట్టుకోదలిస్తే ఏమేం చూసుకోవాలి అన్నది నేటి విషయం. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. కంప్యూటరు భాషలేవీ నాకు రావు. ఈ పనికి అవి రానవసరం లేదనే ధైర్యంతోనే చెబుతున్నాను.

ముందుగా పాత కథ కొంచెం చెప్పుకుందాం. చదివి వినిపించే పుస్తకం అన్నది నిన్నా మొన్నా పుట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికులు చూపు పోగొట్టుకున్నారు. పెద్ద వయసులో వేళ్ళతో తడిమి బ్రెయిలీ నేర్చుకోవడం వారిలో చాలామందికి కష్టమైంది. వారికోసం అమెరికాలో 1934లో, ఇంగ్లండులో 1935లో గ్రామఫోను ప్లేట్ల మీద పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లండులో దీనికి పట్టుబట్టిన కెప్టెన్ ఇయాన్ ఫ్రేజర్ కూడా ఆ యుద్ధంలోనే చూపు పోగొట్టుకున్నవారు. ఆ ప్లేట్లు ఒక్కో వైపు 25 నిమిషాలు మోగేవి. ఒక మోస్తరు నవలకు పది ప్లేట్లు పట్టేవి. తరువాత టేపులు, క్యాసెట్లు, సీడీలు వచ్చాయి. ఇప్పుడు ఆ పది ప్లేట్ల నవల చీరకొంగున ముడివేసుకునేంత చిన్న పెన్‌డ్రైవులో ఒక మూలకు సరిపోతుంది.

‘మాకు వాట్సాప్ గ్రూపు ఉందిగా, మళ్ళీ వెబ్‌సైటు దేనికి?’ అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గ్రూపులో ఈవేళ పెట్టిన పాఠం రేపటి శుభోదయాల కింద, ఎల్లుండి పండుగ శుభాకాంక్షల కింద పడి కనబడకుండా పోతుంది. వచ్చే ఏడు కాలేజీలో చేరే పిల్లవాడు ఆ గ్రూపులో ఉండడు. అసలు అటువంటి గ్రూపు ఉన్నట్టే అతనికి తెలియదు. వెబ్‌సైటు అయితే వీధి వాకిలి లాంటిది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ ఊరినుంచైనా వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టవచ్చు.

అయితే ఆ వాకిట్లోకి వచ్చేది ఎవరు? ఇక్కడే అసలు కిటుకంతా ఉంది. వెబ్‌సైటు అనగానే మనం మంచి రంగులు, పూల అంచులు, కదిలే బొమ్మలు, ప్రారంభోత్సవం ఫొటోలు అనుకుంటాం. మన దగ్గరికి వచ్చేవారు వీటిలో ఒక్కటీ చూడరు. వారు వెబ్‌సైటును వింటారు. అంచేత మనం కట్టేది కంటికి కాదు, చెవికి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కిన నిర్ణయాలన్నీ దాని వెనకే నడుస్తాయి.

వినడం ఎలాగంటారా? స్క్రీన్ రీడర్ అని ఒక సాధనం ఉంది. తెర మీద ఉన్న అక్షరాలను అది బిగ్గరగా చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనుల్లో దీని పేరు టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ అని ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. ఈనాటికీ అది ఉచితమే. వీటిలో తెలుగు చదివే గొంతులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు మన వంటింటి సంగతి ఒకటి ఆలోచించండి. రాత్రిపూట కరెంటు పోయింది. అలమరలో ఒకే రకం డబ్బాలు పాతిక ఉన్నాయి. ఏది పంచదారో ఏది ఉప్పో ఎలా తెలుస్తుంది? పేరు పెట్టని బొమ్మలూ మీటలూ ఉన్న వెబ్‌సైటులోకి వచ్చినప్పుడు చూపు లేనివారికి అదే అవస్థ. స్క్రీన్ రీడర్ ‘బటన్, బటన్, బటన్’ అంటుంది, అంతే. ఏ బటనో చెప్పదు. ప్రతి బటనుకూ, ప్రతి బొమ్మకూ ఒక పేరు రాసిపెట్టే చోటు వెబ్‌సైటు తయారుచేసే సాధనాల్లోనే ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. అలాగే ‘ఇక్కడ నొక్కండి’ అని పది చోట్ల రాస్తే, లింకులన్నీ వరుసగా వినేవారికి పదిసార్లు ‘ఇక్కడ నొక్కండి’ అనే వినబడుతుంది. దానికి బదులు ‘డిగ్రీ మొదటి సంవత్సరం చరిత్ర, మూడో పాఠం వినండి’ అని పూర్తిగా రాయాలి.

తెలుగువాళ్ళం ముఖ్యంగా గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, అక్షరాలు యూనికోడ్‌లో ఉండాలి. కరపత్రాలు, పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే డీటీపీ సెంటర్లలో పాత రకం ఫాంట్లు కొన్ని వాడతారు. కంటికి అవి చక్కని తెలుగే. కాని యంత్రానికి ఏవేవో ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. ఫోనులో మనం మామూలుగా కొట్టే తెలుగు యూనికోడే గనుక దానితో పేచీ లేదు. రెండోది, బొమ్మగా మార్చిన ప్రకటనలు. గులాబీల అంచు వేసి, అందులో ‘పరీక్షల పాఠాలు సిద్ధం’ అని రాసి, ఫొటోగా పెడతాం. చూపున్నవారు మెచ్చుకుంటారు. ఎవరి కోసం రాశామో వారికి మాత్రం అది మూగబొమ్మ. అదే మాటను బొమ్మ కింద మామూలు అక్షరాలతో రాస్తే చాలు. పేజీ తెలుగులో ఉందని సైటు అమరికల్లో భాషను గుర్తుపెట్టి ఉంచడం కూడా మరవకూడదు. లేకపోతే యంత్రం తెలుగు మాటలను పరాయి గొంతుతో చదవబోయి తడబడుతుంది.

ఇంకొక సరదా కూడా మానుకోవాలి. సైటు తెరవగానే వీణో వేణువో దానంతటదే మోగేలా పెడుతుంటారు. ఆ పాట మోగుతూంటే స్క్రీన్ రీడర్ చెప్పే మాట వినబడదు. ఆపుదామంటే ఆపే మీట ఎక్కడుందో చెప్పే గొంతే ఆ పాటలో మునిగిపోయింది! మనిషివేనా కాదా అని తేల్చుకోవడానికి వంకర అక్షరాలు చూపించి కొట్టమనే పరీక్ష కూడా అటువంటిదే. అది దొంగలను ఆపుతుందో లేదో గాని మన శ్రోతలను మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. కొంచెం చూపు ఉన్నవారి కోసం అక్షరాల రంగు వెనక రంగుతో కలిసిపోకుండా స్పష్టంగా ఉండాలి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అనే అంతర్జాతీయ సంస్థ ఇటువంటి నియమాలను 1999లో మొదటిసారి ప్రకటించి, 2023 వరకు మెరుగుపరుస్తూ వచ్చింది. రెండు రంగుల వెలుగుల మధ్య కనీసం నాలుగున్నర రెట్లు తేడా ఉండాలని అందులో లెక్క చెప్పారు. తెల్లకాగితం మీద నల్లసిరా ఉండగా ఈ లెక్కలతో మనకు పని లేదనుకోండి!

ఇక కట్టడం సంగతికి వద్దాం. మొదట కావలసింది పేరు. దీన్నే డొమైన్ అంటారు. ఇది కొనుక్కునే స్థలం కాదు, ఏడాదికింతని కట్టే అద్దె. సుమారు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. మన పేరు నోటిమాటగా పాకవలసిన పేరు. కాబట్టి ఫోనులో చెబితే అవతలివారు తప్పు లేకుండా రాసుకోగలిగేలా పొట్టిగా ఉండాలి. రెండు ‘ఏ’లా, ఒక ‘ఏ’నా అని అడగవలసి వచ్చే పేరు పెట్టుకోకండి.

రెండోది పేజీలు. 2003లో పుట్టిన వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాధనం ఉంది. ఉత్తరం రాసినట్టు రాసుకుపోతే అదే పేజీలు తయారుచేస్తుంది. అందులో అమరికను ఎంచుకునేటప్పుడు ‘యాక్సెసిబిలిటీ రెడీ’ అని గుర్తు ఉన్నదాన్ని తీసుకోవాలి. మొదటి పేజీలో ఎక్కువ వద్దు. మేమెవరం, ఏ పుస్తకాలున్నాయి, ఎలా వినాలి, కావలసిన పుస్తకం ఎలా అడగాలి, మాతో కలిసి చదవాలంటే ఏం చెయ్యాలి – ఈ ఐదూ చాలు. వీటిని ఐదు శీర్షికలుగా పెట్టాలి. అక్షరాలు లావుగా దిద్దినంత మాత్రాన అది శీర్షిక కాదు. సాధనంలో ‘హెడింగ్’ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. చూపున్నవారు పేజీని ఒక్క చూపులో పరికించినట్టు, వినేవారు శీర్షిక నుంచి శీర్షికకు గెంతుతూ పేజీని పరికిస్తారు. అన్నిటికంటే పైన, ఎవరో ఒకరు ఎత్తి మాట్లాడే ఫోను నంబరు ఒకటి ఉండాలి. ఇంటర్నెట్ తెలియని పెద్దవారికి ఆ నంబరే వెబ్‌సైటు.

మూడోది అసలు సరుకు, అంటే శబ్దం. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. సీడీలో ఉండే నాణ్యతతో గంటసేపు చదివితే ఆ ఫైలు 600 ఎంబీ పైచిలుకు అవుతుంది. అదే చదువును ఎంపీ3గా మార్చి, మోనోలో, 64 కిలోబిట్ల వేగంతో పెడితే సుమారు 29 ఎంబీకి దిగుతుంది. పాటకైతే తేడా తెలుస్తుంది గాని, మాటకు ఇది హాయిగా సరిపోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జి వేసుకున్న విద్యార్థికి గంట పాఠం అందులో యాభయ్యో వంతు మాత్రమే. పది గంటల పుస్తకం 290 ఎంబీ. దాన్ని వందమంది దించుకుంటే 29 జీబీ. చవకగా తీసుకున్న సైటు ఈ బరువు మొయ్యలేక ఆగిపోవచ్చు. కనుక అద్దె మాట్లాడుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి.

పుస్తకాన్ని ఒకే ముక్కగా పెట్టకుండా పాఠానికి ఒక ఫైలు చెయ్యండి. 01, 02, 03 అని ముందు అంకె వేస్తే వరుస తప్పదు. ప్రతి పుస్తకం దగ్గరా రచయిత పేరు, చదివినవారి పేరు, ఎన్ని గంటలు, ఎన్ని ఎంబీలు అన్నవి రాయాలి. డబ్బు పెట్టి డేటా కొనుక్కునేవారికి తూకం ముందే చెప్పడం మర్యాద.

నాలుగోది చట్టం. మంచిపనే కదా అని ఏ పుస్తకమైనా చదివి అందరికీ తెరిచిపెట్టడానికి వీల్లేదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాన్ని 2012లో సవరించినప్పుడు, వైకల్యం వల్ల మామూలు పుస్తకం చదువుకోలేనివారి కోసం లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలు అనుమతి అడగకుండానే వారికి పనికివచ్చే రూపంలో పుస్తకాన్ని తయారుచేయవచ్చని వెసులుబాటు ఇచ్చారు. అయితే ఆ ప్రతులు వారికే చేరేలా, బయటి వ్యాపారంలోకి పోకుండా చూసే బాధ్యత సంస్థదే. ఖర్చుకు మించి ఒక్క పైసా తీసుకోకూడదు.

కాబట్టి మన ఇంటికి రెండు గదులు కావాలి. వీధివసారాలో కాపీరైటు తీరిపోయిన పుస్తకాలు అందరికీ పెట్టవచ్చు. రచయిత కాలం చేసిన మరుసటి ఏడాది నుంచి 60 సంవత్సరాలు మన దేశంలో గడువు. భండారు అచ్చమాంబగారు 1905లో, గురజాడవారు 1915లో గతించారు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో పోయారు గనుక 2019 నుంచి ఆయన రచనలూ స్వేచ్ఛగా చదవవచ్చు. చలంగారు 1979లో పోయారు. ఆయన పుస్తకాలకు 2039 చివరి దాకా ఆగాలి. అటువంటివీ, నేటి పాఠ్యపుస్తకాలూ లోపలి గదిలో ఉండాలి. సభ్యులుగా చేరినవారికే పాస్‌వర్డుతో తలుపు తెరుచుకోవాలి.

సభ్యులను చేర్చుకునేటప్పుడు వైకల్య ధృవపత్రం చూస్తాం. చూసి తిరిగి ఇచ్చెయ్యడం మంచిది. ఆ కాగితాల ఫొటోలు మన ఫోనుల్లో గుట్టలుగా పెట్టుకోవడం ప్రమాదం. వ్యక్తిగత వివరాలను కాపాడేందుకు 2023లో ఒక చట్టం కూడా వచ్చింది. ఒక చూపులేని ఆడపిల్ల పేరు, ఫొటో, కాలేజీ, ఫోను నంబరు కలిపి ‘మా లబ్ధిదారులు’ అని సైటులో పెట్టడం చూస్తూంటాం. మన పిల్ల వివరాలు అలా వీధిలో అంటిస్తే ఊరుకుంటామా?

చదివేముందు ఆ పుస్తకం ఇదివరకే ఎవరైనా చేశారేమో చూసుకోవాలి. 2016లో మొదలైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే జాతీయ ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. దేశంలోని అనేక సంస్థల పుస్తకాలు అందులో చేరతాయి. 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన మొట్టమొదటి దేశం మనదే, 2014లో. ఆ ఒప్పందంలో చేరిన దేశాల నడుమ ఇటువంటి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే దారి దానివల్ల ఏర్పడింది.

విరాళాల పేజీ పెట్టేవారికి రెండు మాటలు. క్యూఆర్ గుర్తు కూడా బొమ్మే. దాని పక్కన యూపీఐ ఐడీని అక్షరాలలో రాయండి. చూపులేనివారు దానం పుచ్చుకునేవారే గాని ఇచ్చేవారు కాదనుకోకూడదు! రెండోది, సైటు పెట్టగానే అమెరికా నుంచి మనవాళ్ళు డబ్బు పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు సొంత మేనకోడలైనా సరే, చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా పుచ్చుకోకూడదు. ఆ సంగతి పేజీలోనే స్పష్టంగా రాసిపెడితే తరువాత మొహమాటాలుండవు.

ఇక ఆఖరిదీ అన్నిటికంటే ముఖ్యమైనదీ తాళంచెవుల సంగతి. ఒక ఊళ్ళో ఇటువంటి బృందానికి ఒక కుర్రవాడు సరదాపడి సైటు చేసిపెట్టాడు. పేరు తన పేరు మీదే తీసుకున్నాడు, పాస్‌వర్డు తన దగ్గరే ఉంది. మంచి పిల్లవాడే. ఉద్యోగం వచ్చి దేశం దాటాడు, ఫోను నంబరు మారింది. ఏడాది తిరగ్గానే అద్దె కట్టమన్న కబురు అతని పాత ఈమెయిలుకు వెళ్ళింది. ఎవరూ చూడలేదు. సైటు మూతపడింది. అవి పరీక్షల రోజులు. మనకైతే పుస్తకం దొరక్కపోతే పక్కింటి అమ్మాయిని అడుగుతాం, కొట్లో కొంటాం. ఆ పాఠాలనే నమ్ముకున్న విద్యార్థి ఎక్కడికి పోతాడు చెప్పండి? అద్దె కట్టని పేరును గడువు దాటాక వేరెవరైనా తీసుకోవచ్చు. అప్పుడు మన పాత గుమ్మంలో ఏ జూదం కొట్టో వెలుస్తుంది.

అందుచేత పేరు, ఈమెయిలు, ఖాతా అన్నీ సంస్థ పేరు మీదే ఉండాలి. పాస్‌వర్డులు కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. అద్దె కట్టవలసిన తేదీని మినిట్సు పుస్తకంలో మొదటి పేజీలో రాసి, నెల ముందే గుర్తుచేసే బాధ్యత ఒకరికి ఒప్పగించాలి. రికార్డింగులన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, రెండు వేరువేరు ఇళ్ళలో దాచాలి. మనం పెళ్ళినగలను కాపాడుకున్నట్టు ఆ గొంతులను కాపాడుకోవాలి. చదివిన మనిషి రేపు ఉండకపోవచ్చు, ఆ గొంతు ఉంటుంది.

సైటు సిద్ధమైందనుకున్నాక ప్రారంభోత్సవానికి తొందరపడకండి. మీ ఫోనులో సెట్టింగులకు వెళ్ళి, యాక్సెసిబిలిటీలో టాక్‌బ్యాక్ వెయ్యండి. తిరిగి ఆపే పద్ధతి ముందే తెలుసుకోండి సుమా! అది వేశాక ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు టకటకా కొడితే తెరుచుకుంటుంది. కళ్ళు మూసుకుని మీ సైటులో ఒక పాఠం వెతికి వినండి. ఆ తరువాత చూపు లేని ఇద్దరు ముగ్గురిని, ఒక విద్యార్థిని, ఒక పెద్దాయనను, పిలిచి వారిచేత చేయించండి. మీరు పక్కన కూర్చోండి గాని మాట సాయం చెయ్యకండి. వారెక్కడ ఆగితే అక్కడ తప్పు సైటుది, వారిది కాదు. వారు చెప్పినవన్నీ సరిదిద్దాకనే పదిమందికీ కబురు పెట్టండి.

రంగులు తక్కువైనా ఫరవాలేదు, తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచి ఉండాలి. అర్ధరాత్రి హాస్టలు గదిలో ఒక విద్యార్థి ఎవరి సాయమూ అడగకుండా, తనంతట తాను వెతుక్కుని, తనకు కావలసిన పాఠం విని నిద్రపోగలిగితే మన వెబ్‌సైటు పని చేసినట్టే.